హౌస్‌ఫుల్ రోజు పడిన షేరు

థియేటర్ మేనేజరు సినిమాను తెర మీద చూడడు. ఇంటర్వెల్‌లో వరండాలో నిలబడి జనాన్ని చూస్తాడు. బెల్లు కొట్టకముందే టీ కప్పులు వదిలేసి లోపలికి వెళ్తే ఆ సినిమా ఆడుతుంది. బెల్లు కొట్టినా కదలకపోతే వారం తిరక్కుండా ఎత్తేస్తారు. ఈ లెక్క ఇంతవరకూ తప్పలేదు. డిస్ట్రిబ్యూటర్లు కూడా అతనికి ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఆ లెక్కతోనే అతను షేర్లు కొన్నాడు. ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా మూడో భాగం వస్తోంది. దాన్ని తీసిన కంపెనీ షేరు నెలల తరబడి పెరుగుతూ ఉంది. ట్రైలర్ వేసిన రోజు ఇంటర్వెల్‌లో వరండాలోకి ఎవరూ రాలేదు. ఆ వారమే డబ్బు మొత్తం ఆ షేర్లలో పెట్టాడు.

డబ్బు అతనిది కాదు. అతని భార్య దర్జీ. పడకగదిలో మిషను పెట్టుకుని కుట్టి, వీధి మలుపులో కొట్టు అడ్వాన్సు కోసం కూడబెట్టింది. కొట్టు యజమాని శనివారం దాకా ఆగుతానన్నాడు. షేర్ల ఖాతా కూడా ఆమె పేరనే తెరిచాడు. ఆమె ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు అతను అడిగితే, కుడుతూనే చదివి చెప్పింది. గ్యాస్ బండ కోసమనుకుంది.

శుక్రవారం సినిమా విడుదలైంది. మధ్యాహ్నం అడ్వాన్సు డబ్బు తీయడానికి ఆమె బ్యాంకుకు వెళ్తే ఖాతాలో డబ్బు లేదని చెప్పారు. ఎటు పోయిందో కూడా చెప్పారు. అక్కణ్నుంచి నేరుగా థియేటర్‌కు వచ్చింది.

మేనేజరు గది తెర వెనక ఉంటుంది. వీరుడు ఎవర్నో కొడుతున్నాడు. గోడ అదురుతోంది.

"నా డబ్బేదండీ?"

"కూర్చో. లాభమొచ్చాక చెబితే సంతోషిస్తావని ముందు చెప్పలేదు. బయట చూశావుగా, ఇసకేస్తే రాలట్లేదు."

"జనం సంగతి నాకొద్దు. డబ్బేది?"

అతను ఫోను చూపించాడు. షేరు పొద్దుట్నుంచి పడుతోంది. పెట్టినదాంట్లో మూడో వంతు పోయింది.

"పొరపాటున పడింది. లేస్తుంది."

"పొరపాటు ఎవరు పడ్డారో నాకు తెలుసు."

అతను షేర్లు కొనిపెట్టిన బ్రోకర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "ఇక్కడ హౌస్‌ఫుల్ అయిందయ్యా. షేరెందుకు పడుతోంది?"

"హిట్టవుతుందని అందరికీ ముందే తెలుసు సార్. అప్పుడే కొన్నారు. ఇప్పుడు అమ్ముకుని వెళ్లిపోతున్నారు. మీరు చూసింది టికెట్ కొన్న జనాన్ని. షేరు కొన్నవాళ్లు మీ వరండాలోకి రారు కదా."

టికెట్ల గుమస్తా తలుపు తోశాడు. "సార్, రేపటి ఆటలూ అయిపోయాయి. బోర్డు పెట్టేయమంటారా?" ఆమె ముఖం చూసి జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

"అమ్మేయండి," అంది ఆమె.

"ఇప్పుడమ్మితే చేజేతులా నష్టపోయినట్టే. సోమవారం దాకా ఆగు. నా లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

"తప్పినా ఒప్పినా మీ డబ్బుతో వేసుకోండి. అందులో లాభమొచ్చినా నాకిదే కోపం. అడిగారా నన్ను?"

"అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను. తెలుసు కాబట్టే అడగలేదు. దొంగకి కూడా ఇంతే తెలుసు."

"మొగుణ్ణి పట్టుకుని దొంగంటావా?"

"వేరే మాటుంటే మీరే చెప్పండి."

ఆమె ఫోను వైపు వంగింది. ఫోను ఇంకా స్పీకర్‌లోనే ఉంది.

"బాబూ, ఖాతా ఎవరి పేరన ఉంది?"

"మీ పేరనేనమ్మా."

"అయితే అమ్మెయ్. మొత్తం."

"సార్?" అన్నాడు బ్రోకర్.

"సారు పేరుందా అందులో?"

"లేదమ్మా." కాసేపటికి అమ్మేశానని చెప్పాడు.

శనివారం పొద్దున్నే, షేర్లు అమ్మిన డబ్బు రెండ్రోజుల్లో చేతికొస్తుందని, మిగతాది తర్వాత కడతానని ఆమె కొట్టు యజమానిని అడిగింది. సగం సగం బేరాలు తనకు కుదరవన్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే అతను అడ్వాన్సంతా అప్పటికే చేతిలో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. సాయంత్రానికి ఆ కొట్టుకు అతని బోర్డు ఎక్కింది.

మేనేజరుకు ఆ రెండు రోజులూ ఇంటికి రావడానికి తీరిక దొరకలేదు. సోమవారం భోజనానికి వచ్చాడు. అతని మంచం వంటింటి పక్కన నడవలో, గోడకు నిలబెట్టి ఉంది. బట్టలు మూటకట్టి దాని కిందే పెట్టారు. పడకగదికి వీధివైపున్న తలుపు తెరిచి ఉంది. వాళ్లు ఆ ఇంట్లో దిగాక ఆ తలుపు తీయడం ఇదే మొదలు. మిషను దానికి ఎదురుగా ఉంది. ఆమె ఒకావిడ భుజం కొలత తీస్తోంది. ఇంకో ఇద్దరు మెట్ల మీద కూర్చున్నారు.

"మరి నేనెక్కడ పడుకోను?"

"మంచం అక్కడే ఉందిగా."

అతను ఆ వీధి గుమ్మంలో నిలబడి ఫోను తీశాడు. "షేరు ఇవాళ కొంచెం లేచింది. చూడు, నేను చెప్పలేదూ?"

ఆమె టేపు మెడలో వేసుకుంది.

"తలుపుకి అడ్డం లేవండి. బేరాలొచ్చే దారి."