మొదటి ఆప్షన్

ర్యాంకు కార్డు జిరాక్స్ తీయించాలి. ఉప్పల్ మండలాఫీసులో ఆదాయం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కాలేజీల పేర్లు కాగితం మీద వరుసగా రాసుకోవాలి. ఆ వరుస తప్పకుండా కంప్యూటర్లో ఎక్కించాలి.

ఆ చివరి పని మాత్రం రెండుసార్లు — ఒకసారి తనకు, ఒకసారి సంతోషికి.

బయట వాన. నాచారం కారం మిల్లుల ఘాటు వానలో తడిసి నెట్ సెంటర్ లోపలికి వస్తోంది. పద్మశ్రీ కళ్లు మండుతున్నాయి.

ఘాటుకే అనుకుంది.

సంతోషి తాత చనిపోయాడు. ఇంటిల్లిపాదీ జనగామ అవతల ఊరికి వెళ్లారు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లకు ఈరోజే ఆఖరు. పొద్దున సంతోషి ఫోన్ చేసింది.

"పద్మా, నావి గూడ నువ్వే పెట్టవే. ఈడ కరెంటే ఉంటలేదు. కాగితం ఇచ్చి వచ్చిన గద, పాస్‌వర్డు ఎన్క రాసిన."

"నలభై కాలేజీలున్నయి. నా వేళ్లు పడిపోతయి గదనే."

"పడిపోతే నేనే తినిపిస్త తియ్."

ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు. ఒకే గైడు ఇద్దరూ చదివారు. ఇంటిగ్రేషన్ నేర్పింది పద్మశ్రీ… నేర్చుకున్నది సంతోషి.

ఎంసెట్‌లో సంతోషికి ఐదువేల ఆరువందల పన్నెండో ర్యాంకు.

పద్మశ్రీకి ఇరవై మూడు వేలు. ఆపైన ఎంతో ఎవరూ అడగలేదు.

చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో సంతోషి. మెడలో నీలం చున్నీ. హాల్‌టికెట్ ఫోటో కోసమని అడిగి తీసుకున్న చున్నీ — పద్మశ్రీది.

"గా పిల్లను జూసి నేర్సుకోరాదు" అన్నాడు నాన్న. తిట్టలేదు. అన్నం కలుపుకుంటూ అన్నాడంతే.

సంతోషి కాగితంలో మొదటిది యూనివర్సిటీ కాలేజీ. ఇక రోజూ తార్నాక బస్సెక్కుతుంది. కొత్త సోపతులు వస్తారు. గోడ అవతలి నుంచి పిలవడం మరిచిపోతుంది…

పద్మశ్రీ మొదటిది ఘట్‌కేసర్ దాటాక ఒక ప్రైవేటు కాలేజీ. సంతోషి కాగితంలో అది ముప్పై ఎనిమిదోది.

సంతోషి ఆప్షన్లలో ఆ కాలేజీకి ముప్పై ఎనిమిది ఉండాల్సిన చోట ఒకటి కొట్టింది.

యూనివర్సిటీ కాలేజీకి ఒకటి ఉండాల్సిన చోట ముప్పై ఎనిమిది.

వాన ఆగలేదు. కరెంటు పోలేదు. ఎవరూ పిలవలేదు.

సేవ్ నొక్కింది.

ఇద్దరికీ ఒకే కాలేజీ వచ్చింది. సంతోషి తండ్రి బిక్షపతి, అట్టపెట్టెల కంపెనీలో డ్యూటీ దిగి వచ్చి, కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఐదు వేల ర్యాంకుకు గూడ గిదేనా బిడ్డా?"

"ఈసారి పోటీ మస్తున్నదంట బాపు."

ఆ మాట సంతోషికి చెప్పింది పద్మశ్రీ.

ఇప్పుడు ఉప్పల్‌లో ఏడున్నర బస్సు. కిటికీ పక్కన పద్మశ్రీనే కూర్చోబెడుతుంది సంతోషి. మేడిపల్లి దాటగానే టిఫిన్ డబ్బా తీస్తుంది.

"మంచిగైంది గదనే, ఇద్దరం ఒక్కతాన్నే వడ్డం."

పద్మశ్రీ తల ఊపుతుంది. నోట్లో ముద్ద ఉంది.

ఇంకా నాలుగేళ్లు ఊపాలి.

పద్మశ్రీ చెప్పదు. కాబట్టి మీరు గుర్తుపెట్టుకోండి — సంతోషి, బిక్షపతి కూతురు, నాచారం. యూనివర్సిటీ కాలేజీలో ఆ ఏడు ఒక సీటు ఆమెది.