క్లచ్ తీసేసిన పాత బండి

మా అక్క డ్రైవింగ్ స్కూలు నడిపిన బండి అది. తలుపు వేస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. ఈ ఊళ్ళో సగం మంది స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకున్నది అందులోనే, అక్క చేతి మొట్టికాయలు తింటూ. నాకూ పడ్డాయి. తర్వాత నేను మెకానిక్‌నయ్యాను, సొంత షెడ్డు పెట్టుకున్నాను, జుట్టు నెరిసింది. అయినా ఆవిడ పక్కన బండిలో కూర్చుంటే ఇప్పటికీ వెన్ను నిటారుగా పెడతాను.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, చెయ్యి తిరిగి వచ్చింది, ఎడమ కాలు మాత్రం రాలేదు. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది గానీ క్లచ్ తొక్కే బలం ఆ కాలికి లేదు. డాక్టరు అన్నీ పరీక్షించి, ఎడమ కాలితో పనిలేని బండైతే నిక్షేపంగా నడపొచ్చన్నాడు. పోనీ కొత్త ఆటోమేటిక్ కారు కొందామంటే అక్క ఒంటికాలి మీద లేచింది.

"నాకు ఇదే కావాలి. ఇందులో నేనొక్కదాన్నే వెళ్ళాలి. ఎవరో ఒకరు నన్ను ఎక్కించి, దించి, కూరగాయల సంచిలా మోసుకెళ్ళడం ఇంక నావల్ల కాదురా. నీకు చేతనైతే చెయ్యి. కాదంటావా, అమ్మేయ్. దీన్ని కళ్ళెదురుగా పెట్టుకుని కూర్చోలేను."

చేతనైతే అంటుందా! నాకు అసలే ముక్కు మీద కోపం. సరే, చూద్దాం అన్నాను.

అక్క కూతురు కంప్యూటర్లతో పనిచేసే పిల్ల. వెనక నుంచి ఎవరో గుద్దేసిన కొత్త కారులోంచి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి వెతికి తెచ్చింది. దాంతోపాటు అరచేతిలో పట్టే చిన్న పెట్టె, జడలా అల్లిన బోలెడు వైర్లు.

"ఏ గేరు ఎప్పుడు మార్చాలో ఈ పెట్టె చెప్తుంది మామయ్యా."

"నా షెడ్డులో ఏది ఎప్పుడు మార్చాలో నేను చెప్తాను. నువ్వు కాస్త పక్కకి జరుగు."

నవ్వి జరిగింది. ఆ పిల్లకి నా కోపం అంటే లెక్కే లేదు.

ఆయిల్ ఎలా ఉందో చూద్దామని ఆ గేర్‌బాక్స్ అడుగు మూత విప్పాను. లోపల అల్యూమినియం పలకలో సందులు, గొందులు, మలుపులు, ఒకదాని పక్కన ఒకటి, చీమల పుట్టని నిలువునా కోస్తే కనపడే దారుల్లా. ఆయిల్ ఆ దారుల్లో పరిగెత్తాలట. పెట్టె నుంచి కరెంటు వస్తే బొటనవేలంత వాల్వులు ఒక దారి మూసి ఇంకో దారి తెరుస్తాయట. ఆ ఒత్తిడికి లోపలి పళ్ళేలు బిగుసుకుని గేరు మారుతుందట. చెయ్యి లేదు, కాలు లేదు. ఇంత బుర్ర ఎవడిదిరా బాబూ అనుకుంటూ చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

"ఏంటి మామయ్యా, తిట్టట్లేదు?" అంది పిల్ల.

"నోర్ముయ్," అన్నాను. మెల్లగానే అన్నాను.

బిగించడంలో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. పాత ఇంజిన్‌కి, కొత్త గేర్‌బాక్స్‌కి పొంతన కుదరడానికి మధ్యలో మందపాటి పలక ఒకటి కోయించాను. బండి నేల కోసి ఎత్తు పెంచాను. వెనక చక్రాలకి తిప్పుడు అందించే పొడుగు షాఫ్టుని కురచ చేయించాను. ఆఖరున క్లచ్ పెడల్ విప్పాను. దాని రబ్బరు అక్క కాలికి అరిగి అరిగి నున్నగా అయిపోయింది. దాన్ని చేతిలో పట్టుకుంటే నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. చెమట అని చెప్పాను పిల్లకి.

ఇక పెట్టెకి పాఠం చెప్పడం మిగిలింది. కొత్త కార్లలో అయితే యాక్సిలరేటర్ ఎంత తొక్కారో కంప్యూటర్‌కి తెలుస్తుంది. ఈ పాత ఇంజిన్‌కి ఉన్నది పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బురేటరు, పెడల్ నుంచి దాన్ని లాగే కేబుల్, అంతే. అందుకని కార్బురేటర్ మీద చిన్న సెన్సారు పెట్టాం. కాలు తీస్తే ఎక్కడుంటుందో, పూర్తిగా తొక్కితే ఎక్కడుంటుందో పెట్టెకి ఒక్కసారి చూపిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుందంది పిల్ల. లోపల తన లాప్‌టాప్‌తో కూర్చుంది. నేను బానెట్ ఎత్తి నిలబడ్డాను.

"పూర్తిగా!" అని అరిచింది లోపల్నుంచి.

"పూర్తిగా!" అని నేనూ అరిచాను. పని అయిపోయింది.

మర్నాడు అక్క స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన నేను, వెనక పిల్ల. సమతలం మీద వెన్నలా సాగింది బండి. అక్క మొహం చూడాలి! "ఒరేయ్, ఒరేయ్," అంటుంది తప్ప ఇంకో మాట లేదు. ఊరి చివర కొండ ఎక్కే రోడ్డు మీదకి తిప్పింది. సగం మలుపులో బండి ఆయాసపడింది. గేరు దిగదు. ఇంజిన్ గుడగుడమంటుంది. అక్క యాక్సిలరేటర్ని నేలకంటా తొక్కింది. అయినా దిగదు. వెనక లారీ వాడు హారన్ మోత మోగిస్తున్నాడు. చచ్చీ చెడీ మలుపు దాటి పక్కకి ఆపింది.

"అమ్మేయ్ రా," అంది. అంతే అంది. అరిచి ఉంటే బాగుండేది.

"నీ పెట్టె! నీ వైర్లు! చెప్పానా లేదా?" అని పిల్ల మీద విరుచుకుపడ్డాను. అది నిమ్మకు నీరెత్తినట్టు లాప్‌టాప్ తీసి వైరు గుచ్చింది.

"అమ్మా, ఇంజిన్ ఆపేసి ఓసారి పూర్తిగా తొక్కు." అక్క తొక్కింది. తెర మీద అంకె నూటికి అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. "మామయ్యా, నిన్న పూర్తిగా అన్నప్పుడు నువ్వు ఎలా తిప్పావు?"

"ఎలా ఏంటి? చేత్తో. బానెట్ కింద నిలబడి కార్బురేటర్ దగ్గర..."

అప్పుడు తట్టింది. ఏ మెకానిక్ అయినా అంతే చేస్తాడు. ఇంజిన్ రేజ్ చేయాలంటే సీట్లో కూర్చోడు, చేత్తో లాగుతాడు. నా చెయ్యి కార్బురేటర్ని మొత్తం తెరిచేసింది. అక్క కాలికి అంత దారి లేదు, కేబుల్ సాగి ఉంది, పెడల్ కింద మందపాటి మ్యాట్ ఉంది. ప్రాణం పెట్టి తొక్కుతుంటే, అమ్మగారు తీరిగ్గా వెళ్తున్నారు, గేరు దించే తొందరేం లేదు అనుకుంది పెట్టె. నేను నేర్పిందే అది అక్షరాలా చేసింది!

"నడిపేది నేనైతే దానికి నీ చేతి లెక్క నేర్పావేంట్రా దద్దమ్మా?" అంది అక్క. మొట్టికాయ పడింది. ఈ వయసులో, రోడ్డు మీద!

అక్కడే మ్యాట్ పీకేశాను, కేబుల్ బిగించాను. ఈసారి నేను దేన్నీ ముట్టుకోలేదు. అక్క కాలు తీసింది. అక్క కాలు తొక్కింది. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. పిల్ల అక్కడే దిగి, ఆఫీసు పనులున్నాయంటూ ఇంటికి ఆటో ఎక్కింది. మేమిద్దరం కిందకి వెళ్ళి మళ్ళీ కొండ ఎక్కాం.

అదే మలుపు. అక్క కాలు కిందకి నొక్కిందో లేదో, సన్నని కుదుపు, ఇంజిన్ గొంతు పెరిగింది, బండి కొండని మింగేస్తున్నట్టు పైకి లేచింది. ఒట్టు, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అక్క గేరు దించే చోటు నాకు చెవులతో తెలుసు, అక్కడే దిగింది. ఆవిడ కాలిలో పుట్టిన కోరిక ఆ సందుల్లో, గొందుల్లో ఆయిల్‌గా పరిగెత్తి, కళ్ళు మూసి తెరిచేలోగా చక్రాల దాకా వెళ్ళిపోయింది. ఇంత అద్భుతం నా చేతుల మీదుగా జరిగిందా అనిపించింది.

కొండ పైన అక్క బండి ఆపింది.

"దిగు."

"ఎందుకూ?"

"నువ్వు పక్కనుంటే ఇది నేను వెళ్ళినట్టు ఎలా అవుతుందిరా? దిగు."

"మరి నేను ఇంటికెలా వెళ్ళను?"

"నీకు రెండు కాళ్ళున్నాయిగా?"

దిగాను. తలుపు వేశానో లేదో బండి కదిలిపోయింది. గేరు మారిన చప్పుడు, మళ్ళీ ఇంకోటి, తర్వాత ఏ చప్పుడూ వినపడలేదు. ఎండలో అలాగే నిలబడిపోయాను. ఫోను మోగింది, మేనకోడలు.

"మామయ్యా, అమ్మ ఎక్కడుంది?"

"తెలీదే," అన్నాను. ఏడుపు, నవ్వు రెండూ కలిసి వచ్చేశాయి. "ఎటు వెళ్ళిందో నాకేం చెప్పలేదే తల్లీ!"