రేకుల గోడకు ఒక తలుపు

సైగాన్‌లో లియెన్ నూడుల్స్ కొట్టు ముందు మెట్రో పనుల కోసం రేకుల గోడ లేచి ఆరేళ్లయింది. గోడ వెనక కొట్టు ఉందని దారినపోయేవాళ్లకు తెలియదు. పక్క సందులోంచి దూరి రోజూ వచ్చి తినేది ఆ పని చూసే ఇంజనీరు ఖోవా ఒక్కడే.

"తమ్ముడూ, స్పెయిన్‌లో ఇలాంటి మెట్రో మనకయ్యేదాంట్లో మూడో వంతుకే కట్టేస్తారట కదా. అక్కడ మట్టి మెత్తనా?" అంది లియెన్, గిన్నె ముందు పెడుతూ.

"మట్టి కాదక్కా. అక్కడ ఒకడు సరేనంటే పని సాగుతుంది. ఇక్కడ నీళ్ల గొట్టం జరపాలన్నా పదిమంది సంతకాలు కావాలి. రేపు తప్పయితే మెడకు చుట్టుకుంటుందని ఎవడూ పెట్టడు. యంత్రాలు ఊరికే నిలబడతాయి, అద్దె మాత్రం ఆగదు."

"పిరికి వెధవలు!"

"అంతేనక్కా," అని ఖోవా పగలబడి నవ్వాడు.

లియెన్ చేతులు తుడుచుకుని ఒక కాగితం తీసింది. గోడలో మనిషి పట్టేంత తలుపు పెట్టమని రాసిన అర్జీ అది. తలుపు రాకపోతే నెలాఖరుకి కొట్టు మూసెయ్యాల్సిందే.

"గోడ నీ చేతిలోదేగా. సంతకం పెట్టు."

ఖోవా రెండుసార్లు చదివాడు. కలం మూత కూడా తీశాడు.

"పైవాళ్లని ఒక మాట అడగాలక్కా," అన్నాడు.

లియెన్ కాగితం మడిచి అతని చేతికే ఇచ్చింది. నెలాఖరున ఆమె పొయ్యి అమ్మేసిన రోజుకి కూడా ఆ అర్జీ పైనుంచి తిరిగి రాలేదు.