ఎవరూ చావని బేస్తవారం

ఉదయగిరిలో ఇంటి పనిమనిషికి ఒక పూట సెలవు కావాలంటే ఎవరో ఒకరు చావాలి. పండగైతే పని రెట్టింపు. జ్వరమైతే "చెమట పట్టేదాకా ఊడువు, అదే పోతాది" అంటారు. చావుకొక్కదానికే పెద్దిళ్లవాళ్లు అడ్డం చెప్పరు. అందుకని పనివాళ్ల కొంపల్లో లేని చుట్టాలు పుట్టి మరీ చచ్చేవాళ్లు. బట్టల అంగడి ఆదిలక్ష్మమ్మ ఇంట్లో అంట్లు తోమే మాలకొండమ్మకు మేనత్తలే ఐదుగురు పోయారు. వాళ్ల నాయనకు అసలు తోబుట్టువే లేదు. అబద్ధమే. అడిగితే ఇవ్వని చోట నిజం చెప్పి ఏం చేసుకోను?

లిదియమ్మ కూడా అలాగే ఒకసారి వాళ్లమ్మను చంపింది. అప్పట్లో ఆమె ఒక పెద్దరైతు దొడ్లో పేడ ఎత్తేది. ఇంటి గడప లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఒళ్లు పులిసిపోయి, ఒక్క పగలు నిద్రపోదామని, "ఆత్మకూరులో మాయమ్మ పోయిందంట" అని చెప్పి గుడిసెలో తడిక వేసుకుని పడుకుంది. అంతే ఆమె చేసిన నేరం. మరుసటేడు వానల్లో నిజంగానే కబురొచ్చింది.

"మీయమ్మ ఎన్నిసార్లు చస్తాదే?" అని పెద్దరైతు భార్య పకపకా నవ్వి, పేడతట్ట చూపించింది.

లిదియమ్మ తట్ట అక్కడే విసిరేసింది. బస్సు దొరక్క సగం దారి నడిచి ఆత్మకూరు చేరేసరికి మట్టి కప్పేసి, పారలు కడుక్కుంటున్నారు. అమ్మ ముఖం దక్కలేదు. దొడ్డి పనీ పోయింది. ఆనాటి నుంచి ఆమె నోట అబద్ధపు చావు రాలేదు. సెలవూ రాలేదు.

తెల్లదొరలు దేశం విడిచిపోయిన ఐదేళ్లకు ఒక దొరసాని ఆ ఊరొచ్చింది. పేరు హిల్డా. కొండ కింద పెంకుటింట్లో కాన్పుల ఆస్పత్రి పెట్టి, పక్క గదిలోనే కాపురం. వంటకు మనిషి కావాలంది. లిదియమ్మను గడప దాటించి పొయ్యి ముందు కూర్చోబెట్టిన ఇల్లు ఊరు మొత్తానికి అదొక్కటే.

"మీరు వంట చేయుదురా?" అంది దొరసాని పుస్తకాల తెలుగులో.

ఆ "మీరు" ఎవరా అని లిదియమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. జీతం చెప్పింది దొరసాని. ఊళ్లో ఇచ్చేదానికి రెండింతలు. ఆ తర్వాత అంది: "వారములో ఒక దినము సెలవు. ఏ దినము కావలెను?"

లిదియమ్మ లేచి నిలబడింది. "ఎవురు చచ్చినారమ్మా?"

"ఎవరునూ చావలేదు."

"మరి సెలవెందుకు?"

"విశ్రాంతికి. ఆ దినపు జీతము కోయను."

ఆదివారం అంటే ప్రార్థన గుడి ఉంటుంది, అక్కడా చీపురు తన చేతికే వస్తుంది. "బేస్తవారం" అనేసింది లిదియమ్మ, నోటికొచ్చి.

మొదటి గురువారం ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. గుడ్డలుతికింది. గుడిసె అలికింది. ఇంకా పగలు మిగిలే ఉంది, ఎండలో ఆరబోసిన తెల్లచీరలాగా. కాళ్లు ఎటు తీసుకుపోతే అటు నడిచింది. అవి కొండ మీదికి తీసుకుపోయాయి. పాతకోట గోడల మీద సీతాఫలం చెట్లు మొలిచి ఉన్నాయి. గోడలు కట్టించిన రాజులు లేరు, మోసిన కూలోళ్లు లేరు, తూనీగలు మాత్రం ఉన్నాయి. రాళ్ల మధ్య దొన. అందులో నీళ్లు కదలకుండా మబ్బుల్ని పట్టుకుని ఉన్నాయి. దాని పక్కన చల్లటి బండ మీద లిదియమ్మ ఒరిగింది. బండ మెల్లగా ఊగినట్టయింది. ఊరి చప్పుళ్లు ఒక్కొక్కటే కింద రాలిపోయాయి.

దొన అవతల వాళ్లమ్మ కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని, ఒళ్లో కలివిపండ్లు పోసుకుని. ముఖం మాత్రం నీళ్ల వెలుగులో కరిగిపోతూ ఉంది.

"ఎవురు చచ్చినారే, ఇంత పొద్దుండగానే వచ్చినావు?" అంది అమ్మ.

లిదియమ్మ జవాబు చెప్పేలోపే మెలకువ వచ్చేసింది. అరచేతిలో పండు లేదు గానీ, వేళ్లకు కలివిపండు వాసన ఉంది.

నాలుగు వారాలు తిరిగేసరికి ఆ వాసనను మాలకొండమ్మ పసిగట్టింది. "ఎవురు పోయినారు మే నీకు, వారం వారం?" అని అడిగింది బావి దగ్గర. విషయం విని నోరు తెరిచింది. పై గురువారం ఆరో మేనత్తను చంపి కొండెక్కింది. ఆ పై గురువారం వహాబు సాయిబు ఇంట్లో వంట చేసే మస్తాన్బీ, "మా చిన్నాయన" అంటూ ముక్కు చీదుకుంటూ వచ్చి, దొన దగ్గరికి చేరగానే నవ్వలేక పడిపోయింది.

"మస్తానక్కా, ఏ చిన్నాయన?" అంది లిదియమ్మ.

"ఎవురో ఒకడు లే. పాపం మంచోడు!"

ముగ్గురూ బండ మీద కాళ్లు చాచారు. నడుము వంచి బతికేవాళ్లకు ఆకాశం అంత పెద్దదని తెలియదు. మస్తాన్బీ మబ్బుల్లో రొట్టెలు చూసింది. మాలకొండమ్మ ఏమీ చూడలేదు, గురక పెట్టింది.

ఊరు ఊరుకుంటుందా? ఆదిలక్ష్మమ్మే స్వయంగా ఆస్పత్రికొచ్చింది. "అమ్మా, రేపు నువ్వు నీ దేశం పోతావు. వీళ్లతో ఏగేది మేము. చావూ లేక చదివింపులూ లేక సెలవేంది? మా ఊళ్లో లేని ఆచారం!" అని, పోతూ పోతూ, ఆస్పత్రికి రోజూ తమ ఇంటి నుంచి వచ్చే పాల మాట గుర్తుచేసింది.

దొరసాని ఆ సాయంత్రం లిదియమ్మను పిలిచింది. ముఖం ఎర్రబడి ఉంది. "నేను ఇచ్చట అతిథిని. బాలింతలకు పాలు కావలెను. మీ గురువారమును నాకు తిరిగి ఇవ్వండి. బదులు జీతము పెంచుదును."

మంచిదే ఆ దొరసాని. కానీ ఒకరి మంచితనం మీద నిలబడిన హక్కు పాలచెంబుతో పాటు తిరిగిపోతుంది.

లిదియమ్మ పొయ్యిలో నిప్పు ఎగదోసింది. పెంచిన జీతంతో ఏమేం కొనవచ్చో ఆమెకు తెలుసు. ఇల్లు కప్పించుకోవచ్చు. కానీ దొన అవతల అమ్మ అడిగిన మాటకు ఇంకా జవాబు చెప్పలేదు.

"వద్దమ్మా. పాలు నేను సూస్తా, మా పేటలో నాలుగు గేదెలు ఉండాయి. బేస్తవారం మాత్రం ఇయ్యను."

"ఊరివారు ఊరుకొనరు. మీ పని పోవచ్చును కదా?"

"పోతే పోనీమ్మా. దొడ్డి పని పోయిన్నాడు నేనేం చచ్చినానా?"

దొరసాని పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసింది. "అట్లయితే, గురువారము అన్నము నేనే వండుకొందును," అంది సిగ్గుపడుతూ.

గురువారం తెల్లవారింది. కొండ చుట్టూ పొగమంచు, ఊరు అందులో సగం మునిగి కలలోని ఊరులా ఉంది. ఆదిలక్ష్మమ్మ అరుగు మీద నిలబడి ఉంది. మాలకొండమ్మ వాకిలి ఊడుస్తూ ఉంది.

"ఏమే లిదియా! ఈ వారం ఎవురు చచ్చినారే?"

లిదియమ్మ ఆగింది. "ఎవురూ చావలా తల్లీ. బతికే ఉండాం. అందుకే పోతుండాం."

చీపురు చప్పుడు ఆగిపోయింది. మాలకొండమ్మ చీపురును గోడకు ఆనించి, కొంగు బిగించి, అమ్మగారి ముఖం వంక చూడకుండా మెట్లు దిగింది. "నాక్కూడా ఎవురూ చావలేదమ్మా. మేనత్తలు లేనే లేరు," అంది. వెనక అరుపులు మొదలయ్యాయి. మంచు వాటిని మింగేసింది. సాయిబు వీధి మలుపులో మస్తాన్బీ అప్పటికే నిలబడి ఉంది, ఏడుపు లేకుండా.

కొండ పైనుంచి చూస్తే దొరసాని ఇంటి పొగ నల్లగా, వంకరగా లేస్తోంది.

"అన్నం మాడబెట్టినాది," అంది లిదియమ్మ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆమె కళ్లు బరువెక్కాయి. బండ ఊగింది. నీళ్లు మెరిశాయి.

"ఎవురు చచ్చినారే, వచ్చినావు?" అంది దొన అవతల నుంచి అమ్మ.

"ఎవురూ చావలేదుమా. ఊరికే వచ్చినా."

అమ్మ తలెత్తింది. ఈసారి ముఖం కరగలేదు. ఒళ్లోని కలివిపండ్లు పక్కకు పోసి, "అట్నా, దా మరి," అంటూ కొంచెం జరిగి కూతురికి చోటిచ్చింది.