కుడి భుజం

మా చెల్లెలి కూతురికి మేం పెట్టుకున్న ముద్దుపేరు పేచీ. మూడేళ్లప్పుడే గౌను తొడగబోతే "ఇది నాది కాదు" అని రాగం తీసేది. కొత్త గౌనే, దాని కోసం కుట్టించిందే. అయినా దానిది కాదట, పక్కింటి పిల్లకీ అలాంటిదే ఉందట. అప్పట్లో వీపు మీద ఒకటి వేశాను కూడా. ఇప్పుడు అదే పేరు తన కుట్టు దుకాణం గుమ్మం మీద రాసుకుంది, కోటు మెడ వెనక పట్టీ మీదా అదే కుట్టుకుంది. "పేచీ అని చూసి ఎవడు కొంటాడే?" అని మా చెల్లెలు తల బాదుకుంది.

నేను కటింగ్ మాస్టర్‌ని. ఆడదాన్ని మాస్టర్ అనడమేమిటని ఫ్యాక్టరీలో మొదట్లో నవ్వారు, తర్వాత వాళ్లే నవ్వడం మానేశారు. ముప్పై ఒక్క ఏళ్లు నా పని ఇది: ఎక్కడో బాగా అమ్ముడుపోతున్న చొక్కా ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేసేవాళ్లు. నేను కుట్లు విప్పి, ముక్కలు పరిచి, సాయంత్రానికల్లా కాగితం మీద అచ్చు దించేదాన్ని. నెల తిరక్కుండా ఊళ్లో సగం మంది ఒంటి మీద అదే చొక్కా. అసలుదీ నకలుదీ పక్కపక్కన పెడితే అసలుది కుట్టినవాడే తడబడాలి. గొప్పలు పోవడం కాదు, నా చెయ్యి అలాంటిది.

రిటైరయ్యాక కాళ్లు చాపుకుని కూర్చోవడం చేతకాక పేచీ దగ్గర చేరాను. సైకిళ్ల షాపు పైన ఒకటే గది. కిటికీ దగ్గర రెండు మిషన్లు, మధ్యలో కటింగ్ బల్ల, మూల ఇస్త్రీ. గోడల నిండా ఫ్యాషన్ పుస్తకాల బొమ్మలు ఉంటాయనుకున్నాను. ఒక్కటి ఉంటే ఒట్టు. ఉన్నవన్నీ వీపులు! బస్టాపులో కూర్చుని వచ్చేపోయేవాళ్ల వీపులు పెన్సిల్‌తో గీసుకొచ్చి అంటించింది. ఉత్తరాలు పంచేవాడి వీపు, రొట్టెల దుకాణం ఆవిడ వీపు, కింద సైకిళ్లు బాగుచేసే ఆయన వీపు.

"ముఖాలు లేవేమిటే?" అన్నాను.

"ముఖాలు అందరూ చూస్తారు కదా పెద్దమ్మా" అంది.

ఇదీ దాని వరస. అంతకుముందు ఒక పెద్ద కంపెనీలో బట్టల డిజైన్లు గీసే ఉద్యోగం చేసేది. ఒకరోజు పైఅధికారి వేరేవాళ్ల జాకెట్ ఫొటో ఒకటి ఇచ్చి, బొత్తాలు మార్చేసి మనదే అనిపించు అన్నాడట. కుర్చీలోంచి లేచి తిన్నగా ఇంటికొచ్చేసింది. "నలుగురితో పాటు నారాయణా అంటే పోయేదిగా" అని మా చెల్లెలు ఏడ్చింది. నేనూ తిట్టాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పని అదే మరి! అది తప్పయితే నా బతుకంతా ఏమైనట్టు? కానీ నిజం చెప్పొద్దూ, తిడుతూనే లోపల మురిసిపోయాను. నాకా ధైర్యం ఏనాడూ రాలేదు.

ఆ కంపెనీ వాళ్లు దాని కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచారు. తల్లి పోరు పడలేక పేచీ ఒక మాట ఇచ్చింది. బజారులో పెద్ద బట్టల షాపు ఉంది, దాని యజమాని గురువారం వచ్చి పేచీ కుట్టే కొత్త రకం కోటు చూస్తానన్నాడు, నలభై కుట్టి ఉంచమన్నాడు. ఆయన తీసుకుంటే సరే. వద్దంటే ఒకటో తారీఖున పోయి ఆ కుర్చీలోనే కూర్చుంటుంది, ఎవరి జాకెట్‌కో బొత్తాలు మారుస్తుంది.

ఆ కోటు కోసం రెండు నెలలు నా ప్రాణం తోడేసింది. "కొలతల బొమ్మ విరిగిపోయింది పెద్దమ్మా, కాసేపు నిలబడవూ" అని నన్ను నిలబెట్టి, పాత దుప్పటి గుడ్డ నా ఒంటి మీద వేసి గుండుసూదులు గుచ్చేది. కదిలితే కసిరేది. మాస్టర్‌ని అన్న గౌరవం లేకుండా చివరికి నన్ను కొయ్యబొమ్మని చేసింది.

అచ్చులు తయారయ్యాయి. ముదురు నీలం గుడ్డ వచ్చింది, మిల్లువాళ్ల దగ్గర మిగిలిన ఆఖరి తానులు. ఆ రంగు మళ్లీ నేయరట. శనివారం పొద్దున పేచీ చెక్క బొత్తాలు చేయించుకురావడానికి బయల్దేరింది, రెండు రోజుల పని.

"గుడ్డ పరిచి ఉంచు పెద్దమ్మా. నేనొచ్చాక కత్తిరిద్దాం. తొందరపడకు, సరేనా?"

"నాకు చెప్తున్నావుటే?" అన్నాను.

గుడ్డ పరిచాను. అచ్చులు తీసి చూశాను. ఎడమ భుజానికీ కుడి భుజానికీ పొంతన లేదు. కుడిది వేలెడు కిందికి జారి ఉంది. మా పనిలో ఎడమా కుడీ వేరువేరుగా ఎవరూ గీయరు. గుడ్డ మడత పెట్టి ఒక సగం కత్తిరిస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. అయ్యో పిచ్చిపిల్ల, నిద్ర చాలక చెయ్యి జారినట్టుంది, గురువారం పరువు పోతుంది అనుకున్నాను. ఆగి అడగొచ్చు. కానీ ఆగడమన్నది నా ఒంట్లో లేదు. కుడి అచ్చు పక్కన పడేసి, ఎడమ దానితోనే మడతల మీద నలభై కోట్లూ ఆదివారం సాయంత్రానికి కత్తిరించి పారేశాను. ఒకటి కుట్టి ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించాను కూడా. గీత గీసినట్టు నిలబడింది.

సోమవారం పొద్దున పేచీ వచ్చింది. నేను మెప్పు కోసం మొహం వెలిగించుకుని కూర్చున్నాను. అది హ్యాంగర్ వంక చూసింది, బల్ల మీది దొంతర వంక చూసింది, బొత్తాల సంచి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది.

"ఎన్ని కత్తిరించావు?"

"నలభయ్యీ. నీ తప్పు కూడా దిద్దాను. కుడి భుజం చూసుకోలేదు నువ్వు..."

"అది తప్పు కాదు పెద్దమ్మా."

"వంకరగా ఉందే!"

"ఉంటుంది. ఆ వంకరే కోటు."

నాకు ఒళ్లు మండింది. తప్పు చేసినవాళ్లకే ముందు కోపం వస్తుంది కదా. "లోకంలో ఎవడికుందే అలాంటి భుజం? లేని వంకర తెచ్చి, ఇదే కొత్తదనం అంటే అయిపోయిందా?" అని ఎగిరాను.

అది అరవలేదు. అరిచినా బాగుండేది. లేచి హ్యాంగర్ మీది కోటు తీసి నాకు తొడిగింది, భుజాలు పట్టుకుని అద్దం ముందుకి తిప్పింది.

ఎడమ పక్క బ్రహ్మాండం. కుడి భుజం మీద మాత్రం గుడ్డ ఉబ్బి లేచింది. చేత్తో సర్దాను. మళ్లీ లేచింది.

"కుట్టులో ఏదో..." అన్నాను.

"కుట్టింది నువ్వేగా. నీ కుట్టులో తప్పుంటుందా?"

ఉండదు. నా కుట్టులో తప్పేమిటి, నాన్సెన్స్!

"కోటు సమంగానే ఉంది పెద్దమ్మా. నీ భుజాలే సమంగా లేవు. ముప్పై ఒక్క ఏళ్లు కత్తెర పట్టిన భుజం, వేలెడు దిగిపోయింది. బొమ్మ విరగలేదు. చెబితే నువ్వు నిలబడవని అబద్ధమాడాను. ఆ అచ్చు నీదే."

నా సంచి ఎప్పుడూ కుడి భుజం మీంచి జారిపోయేది, నేను సంచిని తిట్టుకునేదాన్ని. ఎన్ని సంచులు మార్చానో!

"గోడ మీద నూట పన్నెండు వీపులున్నాయి. భుజాలు సమంగా ఉన్నవాళ్లు తొమ్మిదిమందే. మిగతావాళ్లంతా ఏదో ఒకటి మోసినవాళ్లే, వాళ్లకి సరిపోయే కోటు ఎవరూ కుట్టడం లేదు. నీతో మొదలుపెడదామనుకున్నా. ఊరందరి కొలతలూ తీశావు కదా, నీ కొలత ఎవరైనా తీశారా?"

ఏడ్చాను. సిగ్గెందుకు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు మరొకరు లేరు. ఆ చూపునే నేను కత్తెర పట్టుకుని సమం చేసేశాను.

"పోనీలే. గుడ్డ ఎలాగూ అయిపోయింది" అంటూ పేచీ గోడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్క వీపే ఊడదీయడం మొదలుపెట్టింది. "ఒకటో తారీఖున చేరతానని అమ్మకి చెప్పెయ్."

ఉత్తరాలవాడి వీపు ఊడింది. రొట్టెలావిడ వీపు మీద చెయ్యి వేసింది. అప్పుడు తట్టింది నాకు.

"ఆగవే! నేను కత్తిరించింది ఏ సగంతో?"

"ఎడమ సగంతో. అదేగా ఏడుపు."

"ఎడమదే కదా ఎత్తుగా ఉన్నది! నాకు కత్తెర పట్టడం నేర్పిన ముసలాయన ఒకే మాట చెప్పేవాడు. అనుమానమొస్తే పెద్ద కొలత మీదే కత్తెర వెయ్యి, ఎక్కువైతే తీసేయొచ్చు, తక్కువైతే ఎక్కణ్నుంచి తెస్తాం అని. కుడి పక్క గుడ్డ ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా, వేలెడు ఎక్కువే ఉంది!"

పేచీ బల్ల దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికింది. కొలిచింది. మళ్లీ కొలిచింది. నన్ను వాటేసుకుంటే నా కళ్లజోడు ఎగిరి కింద పడింది.

మూడు రోజులు నడుం వాల్చితే ఒట్టు. కుట్టే పని పేచీది, కత్తెర నాది. దొంతరగా పెట్టి తెగ్గొయ్యడమే తెలిసిన నేను, నా అచ్చు పెట్టుకుని ఒక్కొక్క కోటూ విడిగా దిద్దాను. "మరి ఎడమచేతివాళ్ల సంగతేమిటే?" అని మధ్యలో అడిగితే, "వచ్చే విడతలో వాళ్లకి ఎడమ భుజం" అంది, తల ఎత్తకుండా.

గురువారం షాపాయన వచ్చాడు. వరుసగా వేలాడుతున్న కోట్ల ముందు నిలబడి, మొదటిదాన్ని రెండు వేళ్లతో సమంగా లాగాడు. వదిలితే కుడి వైపుకి వాలింది. మళ్లీ లాగాడు, మళ్లీ వాలింది.

"ఇది వంకరగా ఉందమ్మా" అన్నాడు.

పేచీ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనే ముందుకెళ్లాను.

"అదొక్కటే కాదు బాబూ, నలభయ్యీ వంకరే. ముందు తొడుక్కుని మాట్లాడండి."

తొడుక్కున్నాడు. చిన్నప్పుడు తానులు మోసిన మనిషట, తర్వాత తెలిసింది. అద్దం ముందు చేతులు పైకెత్తాడు, దించాడు, భుజం తడుముకున్నాడు.

"మిగతా ముప్పై తొమ్మిదీ కట్టించండి. ఇది నా ఒంటి మీదే ఉంటుంది" అన్నాడు చివరికి. "ఒక్కటి చెప్పమ్మా. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఎవరి కోటు చూసి దించారు?"

ముప్పై ఒక్క ఏళ్లలో ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నేను తల దించుకుని పక్కకి తప్పుకునేదాన్ని.

"ఎవరి కోటూ చూడలేదు బాబూ" అన్నాను. "అది నా భుజం."