ఇంగ్లీషు మామ్మగారి మేళం

ఇంగ్లీషు మామ్మగారు పోయాక వచ్చిన మూడో శుక్రవారం, కువైట్‌లో తెలుగువాళ్ళకి పెద్దదిక్కైన భీమేశ్వరరావు గారి ఫ్లాట్‌లో సంతాపసభ పెట్టారు. గోదావరి జిల్లాల వాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చారు. రారూ మరి! పదేళ్ళుగా వాళ్ళ ఇఖామా, అంటే నివాసపర్మిటు, కాగితాలు నింపిందీ, అర్జీలు ఇంగ్లీషులో రాసిపెట్టిందీ ఆవిడే.

సత్యలక్ష్మి ఆడవాళ్ళ వరసలో చంద్రావతి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. సాల్మియా పేటలో అరబ్బుల ఇంట్లో ఆమెకి వారమంతా చాకిరీ. శుక్రవారం పూట చంద్రావతి మొగుడు వెంకటరాజు సబ్హాన్ నుంచి వ్యాను తెచ్చి ఎక్కించుకుంటేనే ఆమెకి నలుగురి ముఖాలు కనబడేది.

మామ్మగారు ఉండేదీ ఆ అరబ్బుల ఇంటి వెనకగదిలోనే. ఇంటి యజమానురాలికి చిన్నప్పుడు ఇంగ్లీషు చెప్పినందుకు, మామ్మగారి భర్త పోయాక ఆ మహాతల్లి ఆవిణ్ణి తన దగ్గరే ఉంచుకుంది. సత్యలక్ష్మి పనిలో చేరిన కొత్తలో, రొట్టెల పిండి పిసుకుతూ తనకి తెలియకుండానే కాలితో తాళం వేస్తోంది. గుమ్మంలో నిలబడి మామ్మగారు చూశారు.

"ఎవరి పిల్లవే నువ్వు? మడమ అలా మోపడం నేర్పితేగానీ రాదు."

సత్యలక్ష్మి చప్పున కాలు వెనక్కి తీసుకుంది. వాళ్ళ అమ్మమ్మ భోగంమేళంలో ఆడిన మనిషి. ఆ సంగతి అమ్మ దాచింది, తనూ దాచింది. కువైట్‌లో ఎవరడిగినా వ్యవసాయదారుల ఇల్లనే చెప్పింది. మామ్మగారు గుచ్చి గుచ్చి అడిగితే అమ్మమ్మ పేరు చెప్పక తప్పలేదు. వినగానే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరిదీ ఒకే మేళం మరి.

ఆనాటి నుంచి తలకి నూనె రాయించుకుంటూ మామ్మగారు తన బతుకంతా చెప్పుకొచ్చారు. ఏడో ఏట గజ్జె కట్టారట. కాకినాడ మీద బాంబు పడిన ఏడాది ఒక పెళ్ళి మేజువాణికి ఇంగ్లీషు సోల్జర్లు వచ్చారట. "అందరూ నోట్లు విసిరేరే. ఆయనొక్కడూ విసరలేదు. ఆట అయ్యేక లేచి నిలబడ్డాడు. నా ఆటకి లేచి నిలబడ్డ మగాణ్ణి అప్పటిదాకా చూళ్ళేదు." ఆ సోల్జరుతోనే చర్చిలో పెళ్ళయింది, అచ్చాయమ్మ ఆగ్నెస్ అయింది. యుద్ధం అయ్యాక ఓడెక్కి ఇంగ్లండు వెళ్తే, మేడమీద అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అత్తగారు కింది నుంచి చీపురుకర్రతో కప్పు పొడిచేదట. ఆపైన ఆయనకి ఇక్కడి చమురు కంపెనీలో ఉద్యోగం. పిల్లల్లేరు. ఆయన పోయాక ఆవిడ ఏ దేశానికీ కాకుండా పోయారు.

ఆస్పత్రిలో చివరిరోజున సత్యలక్ష్మి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగారు. "నలుగురూ నా గురించి చెప్పుకునే చోట, ఆడేదని ఒక్కమాట చెప్పవే. దొరసాన్నీ, జమీందారు బిడ్డనీ అయ్యి చాలా ఏళ్ళు బతికేను. చచ్చేకైనా నన్ను నాలాగ ఉండనియ్యి."

"చెప్తానండి" అంది సత్యలక్ష్మి. అనడానికేం, నాలుకకి ఎముక లేదు కదా.

సభలో భీమేశ్వరరావు గారు లేచారు. జమీందారీ వంశమన్నారు, కాన్వెంటు చదువన్నారు, కలెక్టరు బంగళాలో పెళ్ళన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఆయన నోట్లో అవి బారెడయ్యాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. అయినా సత్యలక్ష్మి లేచింది.

"మామ్మగారు ఆడేవారండి. మేళంలో. గొప్పగా ఆడేవారంట."

భీమేశ్వరరావు గారు జాలిగా నవ్వారు. "చివర్లో ఆవిడకి మతి తప్పిందమ్మా. ముసలితనం. ఏవేవో అనుంటారు. కూర్చో."

కూర్చుంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మామ్మగారు మాత్రం పిచ్చిమనిషై మిగిలేవారు.

"మతి తప్పలేదండి. నాకెలా తెలుసంటే, మా అమ్మమ్మా ఆ మేళమేనండి. ఇద్దరూ పక్కపక్కన ఆడేరు."

కూర్చోబోతే చంద్రావతి అప్పటికే కొంచెం పక్కకి జరిగి ఉంది. చీరకుచ్చెళ్ళు సర్దుకుంటున్నట్టు వంగి, తలెత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఆమె వెళ్ళి మొగుడి పక్కన ముందుసీట్లో కూర్చుంది.

మరుసటి శుక్రవారం సత్యలక్ష్మి ఎప్పటిలాగే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పది దాటింది. మసీదులో మధ్యాహ్నం నమాజు అయింది. వీధిలో ఏ వ్యాను చప్పుడు వినబడినా మెడ చాచింది. వ్యాను రాలేదు. పాడు మనుషులని తిట్టుకుందామనుకుంది, తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది.

లోపలికి వస్తుంటే యజమానురాలు వరండాలోంచి అడిగింది, ఈ వేళ మీవాళ్ళు రాలేదేమని.

సత్యలక్ష్మి వచ్చీరాని అరబ్బీలో జవాబు చెప్పింది. "మావాళ్ళంటూ ఒక్కరే ఉండేవారు అమ్మగారూ. ఆవిడ పోయారు."