గీత అవతల ఐదు ప్రశ్నలు

హెడ్ కోచ్‌గా చేరమని లీగ్ జట్టు వాళ్ల ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. సువర్ణరాజు ఇంకా జవాబివ్వలేదు. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని శనివారం పొద్దున మేనేజరు ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు. "ఆలోచించుకోవడానికి ఏముంది కోచ్ గారూ? ఇరవై ఏళ్లుగా దీనికోసమేగా ఎదురుచూస్తున్నారు!" అని నవ్వాడు కూడా. ఆ మాట నిజమే. నిజం కాబట్టే సువర్ణరాజు తింటున్న ఇడ్లీ సగంలో వదిలేశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఎక్కడికండీ ఈ ఎండలో?" అంది భార్య లేయా.

"చాట్రాయి. ప్రియాంక వాళ్ల దగ్గరికి."

లేయా గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పైకి అనలేదు.

సువర్ణరాజుది జి. కొండూరు. పద్దెనిమిదో ఏట మిలటరీలో చేరి అక్కడ రగ్బీ నేర్చుకున్నాడు. సెలవుల్లో ఊరికొస్తే, "అదేం ఆటరా, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తడం, ఒకళ్ల మీద ఒకళ్లు పడటం! అలా పడ్డందుకు మళ్లీ మెడల్సా?" అని అరుగుల మీద నవ్వేవాళ్లు. మోకాలు పోయాక ఆడటం మానేసి నేర్పడం మొదలుపెట్టాడు. పూనాలో, కలకత్తాలో, భువనేశ్వర్‌లో, ఎక్కడ చేసినా అసిస్టెంటే. ఒక్కో సీజనుకి ఒక్కో కాంట్రాక్టు. జట్టు గెలిస్తే హెడ్ కోచ్ ఫోటో పేపర్లో పడేది, ఓడితే అసిస్టెంటుని మార్చేవాళ్లు. యాభై దాటాక ఆ పిలుపులు కూడా ఆగిపోయాయి. పెట్టె సర్దుకుని, లేయా టీచరుగా చేస్తున్న విస్సన్నపేట వచ్చేశాడు. నూజివీడులో ఒక కాలేజీ గ్రౌండు అడిగి, ఆడపిల్లలకి ఆట నేర్పసాగాడు.

మొదటిరోజు ఆ కోలబంతిని చూసి పిల్లలు ఒకటే నవ్వులు.

"ఇది బంతి కాదు సార్, కలెక్టర్ మామిడికాయ. ముక్కలు కోసి కారం చల్లితే బాగుంటుంది" అంది ప్రియాంక.

"ముందు పట్టుకో. కారం తర్వాత చల్లుదువుగాని" అని విసిరాడు.

పట్టుకుంది. ఎటు విసిరితే అటు వెళ్లి పట్టుకుంది. మామిడితోట కాపలా కాసే పోతురాజు కూతురు. తండ్రి కొమ్మ మీంచి వదిలిన కాయని దెబ్బ తగలకుండా గోనెలో అందుకోవడం ఆరేళ్లప్పట్నుంచీ అలవాటు. ఇరవై ఏళ్లు దేశమంతా తిరిగినా అలాంటి చేతులు సువర్ణరాజు చూడలేదు.

ఆ ఆటలో తలకి దెబ్బ తగిలితే మనిషిని గ్రౌండు గీత అవతలికి తెచ్చి ఐదు ప్రశ్నలు అడుగుతారు. ఏ గ్రౌండులో ఉన్నాం, ఇది మొదటి సగమా రెండో సగమా, ఇందాక పాయింట్లు ఎవరు తెచ్చారు, కిందటి మ్యాచ్ ఎవరితో, గెలిచామా ఓడామా. ఒక్కటి తప్పినా ఆ రోజుకి ఆట బంద్. సువర్ణరాజు ఇదంతా బోర్డు మీద రాసి చెప్పినప్పుడు జెరూషా చెయ్యెత్తింది. ప్రియాంకకి ప్రాణస్నేహితురాలు, పాస్టరుగారమ్మాయి, మాటకారి.

"ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇవేనా సార్? ఐదూ రాయాలా, చాయిస్ ఏమైనా ఉందా?"

అందరూ పడిపడి నవ్వారు. సువర్ణరాజు కూడా నవ్వాడు. ఇది పాసవ్వాల్సిన పరీక్ష కాదమ్మా, తప్పితేనే ప్రాణం దక్కే పరీక్ష అని ఆ రోజు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

జనవరిలో ఫైనల్స్ ఆడారు. లీగ్ జట్టు వాళ్లు చూడ్డానికి వస్తున్నారనీ, కప్పు కొడితే ఆయన పేరు ముందుంటుందనీ ఎవరో చెవిన వేశారు. రెండో సగంలో ప్రియాంక బంతి తీసుకెళ్లి పాయింట్లు తెచ్చింది. అంతలోనే అవతలి పిల్లని పడగొట్టబోతే ఆ పిల్ల మోకాలు తలకి తగిలింది. ప్రియాంక లేచి నిలబడింది, నవ్వింది కూడా. కానీ తన జట్టు వైపు కాకుండా అవతలి జట్టు వైపు తిరిగి నిలబడింది.

దెబ్బలు చూసే ఫిజియో కొత్తవాడు. గీత అవతలికి తీసుకొచ్చి, జనం గోలలో వినబడాలని గట్టిగా అడగడం మొదలుపెట్టాడు. అతని వీపు వెనక నీళ్ల సీసాతో జెరూషా నిలబడి ఉంది. పదో తరగతి లెక్కల పరీక్షలో ప్రియాంకకి పేపరు వాల్చి చూపించి గట్టెక్కించిన పిల్ల. అప్పుడెలా చేసిందో ఇప్పుడూ అలాగే చేసింది. పెదవులు కదిపింది, వేళ్లు చూపించింది. పాయింట్లు ఎవరు తెచ్చారని అడిగితే జెరూషా వేలు ప్రియాంకనే చూపించింది. ప్రియాంక, వెనక ఎవరున్నారా అని తిరిగి చూసింది. 'నువ్వే, నువ్వే' అని పెదవులు కదిలాయి. "నేనే సార్" అంది ప్రియాంక.

సువర్ణరాజు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అన్నీ చూశాడు. చూసి గడియారం వైపు తిరిగాడు.

"ఓకేనా కోచ్?" అన్నాడు ఫిజియో.

"ఓకే."

ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది. మూడో నిమిషంలో ప్రియాంక మళ్లీ పడింది, ఈసారి లేవలేదు. కప్పు మాత్రం వచ్చింది. అంబులెన్సు గేటు దాటుతుండగానే ఫోటో తీశారు. ఆ ఫోటోలో సువర్ణరాజు కప్పు పట్టుకుని ఉన్నాడు. పేపర్లో ఆయన ఫోటో పడటం అదే మొదటిసారి.

చాట్రాయిలో బస్సు దిగి తోటలోకి నడిచేసరికి కోత జోరుగా ఉంది. చిక్కం కట్టిన గెడలతో మగవాళ్లు, ట్రేలు సర్దుతూ ఆడవాళ్లు. పాక ముందు నల్లగుడ్డ కట్టి, ఆ నీడలో నులకమంచం వేశారు. వెలుతురు ఆ పిల్లకి పడదట. మంచం మీద ప్రియాంక, తలదగ్గర జడ అల్లుతూ జెరూషా.

"రండి సార్, రండి" అని పోతురాజు సొన మరకల చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. "చూడమ్మా, ఎవరొచ్చారో! సార్ వచ్చారు."

ప్రియాంక చాలాసేపు చూసింది. మొహం విప్పారింది. "సార్... మ్యాచ్... ఎప్పుడు సార్?"

"అయిపోయిందే. గెలిచాం" అంది జెరూషా.

ప్రియాంక తలూపింది. కుడిచెయ్యి ఒళ్లో పడేసిన గుడ్డలా ఉంది. కాసేపటికి మళ్లీ, "మ్యాచ్ ఎప్పుడు సార్?" అంది. జెరూషా అదే గొంతుతో అదే జవాబు చెప్పింది. ప్రియాంక మూడోసారి అడుగుతూ అడుగుతూ నిద్రపోయింది.

పోతురాజు గొంతు తగ్గించాడు. "ఈ జెరూషాకి మీరన్నా చెప్పండి సార్. అంతా నా వల్లే అని ఒకటే ఏడుపు. ఏదో సైగ చేసిందంట. చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుసు? కాలేజీ మానేసింది, అన్నం కూడా సరిగ్గా తినట్లేదంట."

ఇందుకేనా తను బస్సెక్కింది అనుకున్నాడు సువర్ణరాజు.

"ఆ అమ్మాయి తప్పేం లేదు పోతురాజు గారూ. సైగ చేస్తుంటే నేను చూశాను. మీ అమ్మాయికి తను ఎక్కడుందో కూడా తెలియట్లేదని నాకు తెలుసు. ఆపితే కప్పు పోతుందని ఆపలేదు."

దూరంగా ట్రాక్టరు స్టార్టయ్యి, మళ్లీ ఆగిపోయింది. జెరూషా జడ వదిలిపెట్టలేదు, తలెత్తలేదు.

"మీరు చూశారని నాకు తెలుసు సార్. మొదటి ప్రశ్నకే మీ వంక చూశాను, వద్దంటారేమోనని. మీరు అటు తిరిగేశారు."

"మరి చెప్పలేదేమ్మా వీళ్లకి?"

"మీరే చెప్తారనుకున్నాను సార్. రోజూ అనుకున్నాను."

పోతురాజు నేలమీద కూర్చుండిపోయాడు. ఎండుటాకు ఒకటి తీసి నలిపాడు, అది పొడయ్యేదాకా నలిపాడు.

"నేనింక ఈ పని చెయ్యనండి" అన్నాడు సువర్ణరాజు. "పెద్ద జట్టుకి హెడ్ కోచ్‌గా పిలిచారు. వెళ్లను. ఇంకెప్పుడూ గ్రౌండులో అడుగుపెట్టను."

"మానేస్తారా?"

"మానేస్తాను."

"మీరు మానేస్తే నా కూతురు లేచి పరిగెత్తుద్దా?"

సువర్ణరాజు మంచం మీది ఆ కుడిచేతి వైపు చూశాడు.

"కప్పు కోసమేగా అది పడిపోయింది? కప్పొచ్చింది. దాంతో మీకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మీరు దాన్ని కూడా పారేస్తే, నా పిల్ల దేనికి పడినట్టండీ? ఊరికే పడిందనుకోమంటారా?" పోతురాజు అరవలేదు. అరిస్తే కూతురు లేస్తుందని కాబోలు. "వెళ్లండి. రోజూ ఆ గ్రౌండులోకి దిగండి. ఎవరి పిల్ల పడినా మా పిల్లే కనపడాలి మీకు. మానేసి ఇంట్లో పడుకుంటే ఎట్లా?"

"పోతురాజు గారూ..."

"ఇంకొకటి. మా ఆవిడ పార్వతికి చెప్పకండి. అంబులెన్సు దాకా మోసుకెళ్లిన సారని మీ పేరు చెప్పి పొద్దునే దణ్ణం పెట్టుకుంటది. ఆ దణ్ణం కూడా లేకపోతే అదేం చేసుద్ది." లేచి గెడ అందుకున్నాడు. "ఇంక పోండి సార్. అది కోత నుంచి వచ్చే వేళయింది. మిమ్మల్ని చూస్తే అన్నం తినమని కూర్చోబెడుద్ది."

సువర్ణరాజు జెరూషా వంక చూశాడు. నువ్వన్నా కాలేజీకి వెళ్లమ్మా అనాలనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అంటాడు? ఆ పిల్ల జడ చివర రబ్బరుబ్యాండు వేసి, తెల్లగా పాలిపోయిన ప్రియాంక చేతిని ఎత్తి పొట్టమీద సర్దుతోంది.

బస్టాపులో నిలబడి మేనేజరుకి ఫోన్ చేశాడు.

"సోమవారం వచ్చేస్తానండి."

"అద్దీ! నాకు తెలుసు మీరు వస్తారని. మంచి పిల్లలండీ, పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వాళ్లు. బండల్లా ఉంటారు. దెబ్బలకి జడవరు."

"సరేనండి" అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక లేయా బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. ఆయన మంచం చివర కూర్చుని చూస్తున్నాడు. తువ్వాళ్లు, విజిలు, మోకాలికి కట్టుకునే పట్టీ, ఒక్కొక్కటీ అడిగి పెడుతోంది. ఉండబట్టలేక చివరికి అడిగింది.

"ఏమన్నారండీ చాట్రాయి వాళ్లు?"

"వెళ్లమన్నారు."

లేయా చేతులు ఆగాయి. నాలుగు నెలల బరువు దిగినట్టు కళ్లు తుడుచుకుంది.

"ఎంత మంచివాళ్లండీ!" అంది. "దేవుడు వాళ్లని చల్లగా చూడాలి."

సువర్ణరాజు లేచి పెట్టె మూత వేశాడు. అది పడలేదు. మోకాలు దానిమీద పెట్టి, నొప్పి పుట్టేదాకా అదిమాడు.